కీమోకు బాట వేసిన మనవాడు.. నరాల తిమ్మిరికి కదలికే తోడు

రామాయంపేటలో మీ ఇంటికి ఎప్పుడైనా ఆరోగ్య కార్యకర్త వచ్చి, బోదకాలు రాకుండా డీఈసీ మాత్ర మింగించి ఉంటే, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు మందు మీ కడుపులో పడినట్టే. మీ బంధువుల్లో గర్భిణి ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నా, రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లాడికి మెథోట్రెక్సేట్ ఇస్తున్నా వాటి వెనకా ఆయన చెయ్యి ఉంది. ఇన్ని ఇళ్లలోకి చేరిన ఆ మనిషి పేరు చాలామందికి ఒక తపాలా బిళ్ల వరకే తెలుసు.

ఆయన కథ ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉంది. కీమోథెరపీ పూర్తయ్యాక అరికాళ్లలో మంటలు, వేళ్లలో తిమ్మిర్లు, మొద్దుబారడం చాలామందిని వేధిస్తాయి. ప్రాణం దక్కింది కదా అని కొందరు ఓర్చుకుంటారు. కొందరు చెప్పకుండా చికిత్స మధ్యలోనే మానేస్తారు. మరికొందరు దుకాణానికి వెళ్లి విటమిన్ మాత్రలు కొనుక్కుంటారు. ఈ మూడింటిలో ఏదీ సరైన దారి కాదు. సరైన దారి ఏమిటో తెలుసుకోవడానికి సుబ్బారావు జీవితం బాగా ఉపయోగపడుతుంది.

మూడోసారి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు అందుకుని ఖద్దరు కట్టడం అక్కడి ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. చదువులో ముందున్నా ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ కొలువు దొరక్క మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను పొట్టన పెట్టుకుంది. వైద్య పరిశోధన వైపు ఆయన మనసు మళ్లడానికి ఆ దుఃఖమూ ఒక కారణం.

1922లో మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన అండతో ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. చదువుకుంటూనే ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ స్వదేశానికి రానేలేదు.

కండరంలో దొరికిన ఇంధనం

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర పనికి కుదిరాక సుబ్బారావు చేసిన మొదటి పెద్ద పని, కొలిచే పద్ధతి కనిపెట్టడం. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు చిక్కదనాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతి అది. 1925లో వెలువడింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన విద్యార్థులు నేటికీ చదువుతారు.

ఆ కొలతతోనే కండరంలో ఏం జరుగుతుందో చూశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీని కండరాల్లో గుర్తించారు. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో మరో శాస్త్రవేత్త విడిగా కనుగొన్నారు. మీరు కుర్చీలోంచి లేచిన క్షణంలో కండరం ఖర్చు చేసేది ఏటీపీనే. అది అయిపోకుండా తొలి కొన్ని సెకన్లు నింపేది ఫాస్ఫోక్రియాటిన్. నడక సాగేకొద్దీ ఊపిరితో వచ్చిన ప్రాణవాయువు ఆ బాధ్యత తీసుకుంటుంది. ఈ ఇంధనం సంగతి గుర్తుంచుకోండి, కీమో తర్వాతి తిమ్మిర్లకు మళ్లీ దీని దగ్గరికే రావాలి.

మేలనుకున్నది కీడు చేసినప్పుడు

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థకు మారి, అక్కడ పరిశోధనలకు సారథి అయ్యారు. ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగుల రక్తహీనతకు మందయింది. సోదరులను తీసుకెళ్లిన జబ్బుకు అలా జవాబు చెప్పగలిగారు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ ఫోలిక్ యాసిడ్ రకాలను రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. విటమిన్ కదా, మేలు చేస్తుందని ఆశ. తీరా చూస్తే జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. విటమిన్ జబ్బుకు మేత అవుతుంటే, ఆ విటమిన్‌లా కనిపిస్తూ దాని దారి మూసేసే పదార్థం కావాలి. సుబ్బారావు బృందం అలాంటివి తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ముఖ్యమైనది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. అంతవరకు చేతులెత్తేసిన జబ్బు అది. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే నేటి మెథోట్రెక్సేట్.

ఆ తర్వాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. 53 ఏళ్లు. తాను వేసిన బాట ఎంత దూరం వెళ్తుందో చూడలేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బిళ్ల విడుదల చేసింది.

బతికాక మిగిలే మంట

ఆ బాటలోనే తర్వాత చాలా మందులొచ్చాయి. వాటిలో పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్ నరాలను ఎక్కువగా దెబ్బతీస్తాయి. పొడవైన నరాల కొసలు ముందు దెబ్బతింటాయి కనుక బాధ కాలివేళ్లు, చేతివేళ్ల దగ్గర మొదలవుతుంది. మేజోళ్లు, చేతి తొడుగులు వేసుకున్నంత మేర పాకుతుంది. గుండీలు పెట్టుకోలేరు. చెప్పు ఊడిపోయినా తెలియదు. ఆక్సాలిప్లాటిన్ వాడేవారికి చల్లనీళ్లు తగిలితే సూదులు గుచ్చినట్టుంటుంది. ప్లాటినం మందుల్లో కీమో ఆపాక కూడా కొన్ని నెలలు బాధ పెరగొచ్చు. అది క్యాన్సర్ తిరగబెట్టడం కాదు.

మీరు చేయాల్సిన మొదటి పని, తిమ్మిరి మొదలైన వారమే డాక్టర్‌కు చెప్పడం. మోతాదు తగ్గించడం, విరామం ఇవ్వడం, మందు మార్చడం వారి చేతుల్లో ఉన్నాయి. నొప్పి తగ్గించడానికి గట్టి ఆధారమున్న మాత్ర ఇప్పటికి డులాక్సెటిన్ ఒక్కటే. అదీ అందరికీ పనిచేయదు. అందుకే మందులు కాని మార్గాలకు అంత విలువ.

రెండో పని, విటమిన్ మాత్రల మోజు తగ్గించుకోవడం. ఫోలిక్ యాసిడ్‌తో ఫార్బర్‌కు ఎదురైనదే నరాల విషయంలోనూ జరిగింది. నరాలను కాపాడుతుందని పేరున్న ఎసిటైల్ ఎల్-కార్నిటైన్‌ను అమెరికాలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందుతున్న 400 మందికి పైగా మహిళలతో పరీక్షించారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం అది తీసుకున్నవారికే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. బీ12 తక్కువుందేమో రక్త పరీక్ష చేయించుకోండి, ఉంటేనే వేసుకోండి. మెథోట్రెక్సేట్ తీసుకునేవారు డాక్టర్ రాయకుండా ఫోలిక్ యాసిడ్ ముట్టొద్దు. సుబ్బారావు ముందు కొలిచారు, తర్వాతే నమ్మారు. మనమూ అంతే.

ఇంట్లోనే చేయగలిగిన సాధన

మూడో పని కదలిక. జర్మనీ, స్విట్జర్లాండ్ పరిశోధకులు నరాలను దెబ్బతీసే కీమో తీసుకుంటున్న 158 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. చికిత్స పొడవునా వారానికి రెండుసార్లు నిలకడ సాధన చేసినవారిలో దాదాపు 30 శాతం మందికే నరాల సమస్య వచ్చింది. చేయనివారిలో దాదాపు 70 శాతం మందికి వచ్చింది. పరీక్ష చిన్నదే, అయినా తేడా పెద్దది. సమస్య వచ్చేశాక మొదలుపెట్టినా నడక వల్ల, కండరాలకు బలమిచ్చే కసరత్తు వల్ల నిలకడ మెరుగవుతుంది, పడిపోయే ముప్పు తగ్గుతుంది. దెబ్బతిన్న నరం పంపని సమాచారాన్ని కండరాలు, కళ్లు, మెదడు కలిసి భర్తీ చేయడం నేర్చుకుంటాయి.

రామాయంపేట నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికో మరో క్యాన్సర్ ఆసుపత్రికో కీమో కోసం వెళ్లిరావడానికే రోజంతా పడుతుంది. ఫిజియోథెరపీ కోసం వారం వారం బస్సెక్కడం అయ్యే పని కాదు. కాబట్టి కీమోకు వెళ్లిన రోజే ఫిజియోథెరపిస్టును కలిసి, ఒకసారి నేర్చుకుని ఇంట్లో చేయండి. ఎముకల్లోకి క్యాన్సర్ పాకినవారు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారు, జ్వరం ఉన్నవారు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలిపై 20 సెకన్లు నిలబడండి. పక్కన ఒకరు ఉండాలి. కాలు మార్చి మూడుసార్లు చేయండి. అలవాటయ్యాక మడత పెట్టిన తువ్వాలుపై నిలబడి చేయండి. గట్టు పట్టుకునే మునివేళ్లపై పదిసార్లు లేవండి. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. పొద్దున, సాయంత్రం పది నిమిషాల చొప్పున నడక మొదలుపెట్టి మెల్లగా పెంచండి. వేళ్ల కోసం చపాతీ పిండి పిసకడం, పళ్లెంలో శనగలు ఒక్కొక్కటే ఏరడం, పూలు కట్టడం మంచివి. పాదం ముట్టుకుంటేనే మంటగా ఉంటే మెత్తని నూలు గుడ్డతో మొదలుపెట్టి, కొన్ని రోజులకు తువ్వాలుతో మెల్లగా రాయండి.

పాక్లిటాక్సెల్ ఎక్కించేటప్పుడు చేతులకు, కాళ్లకు చల్లని తొడుగులు వేస్తే కొందరికి తిమ్మిర్లు తగ్గాయి. ఆ సౌకర్యం ఉందేమో మీ ఆసుపత్రిలో అడగండి. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవారు మాత్రం చల్లదనానికి దూరంగా ఉండాలి. ఆక్యుపంక్చర్‌తో కొందరికి ఉపశమనం దొరికినట్టు చిన్న పరీక్షలు చెబుతున్నాయి. రక్తకణాలు తక్కువున్నప్పుడు సూదులు వద్దు.

ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి

మొద్దుబారిన పాదానికి వేడి తెలియదు. మంటలు తగ్గాలని వేడినీళ్ల కాపడం పెడితే బొబ్బలెక్కినా తెలియదు. స్నానం నీళ్ల వేడి మోచేత్తో, లేదా మరొకరు, చూడాలి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోవాలి, బయటకు ముందు మూసిన బూట్లు మేలు. గుడికి, పొలానికి వట్టి కాళ్లతో వద్దు. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు ఎవరైనా చూడాలి. జారే పట్టాలు తీసేసి, స్నానాలగదికి వెళ్లే దారిలో చిన్న బల్బు వెలిగించి ఉంచండి. మధుమేహం ఉంటే చక్కెర అదుపు తప్పనివ్వకండి. మద్యం మానాలి, అదీ నరాల శత్రువే.

కొందరికి తిమ్మిర్లు కొన్ని నెలల్లో తగ్గుతాయి. కొందరికి కొంత మిగిలిపోతుంది. మిగిలినా కింద పడకుండా, కాలకుండా, మీ పనులు మీరు చేసుకుంటూ బతకడం సాధ్యమే. ఈ వారం ఎన్ని నిమిషాలు నడిచారు, ఒంటికాలిపై ఎన్ని సెకన్లు నిలబడ్డారు, మంట పదికి ఎంత అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం మీ ఫైల్లో పెట్టుకోండి. బాగుందా అని డాక్టర్ అడిగితే చెప్పలేక తడబడే కన్నా ఆ అంకెలు చూపించడం మేలు.