రెండవ ఉమరు ఖలీఫా

ఇస్లాము చరిత్రమున ఉమరు అను నామము వహించిన ఖలీఫాలలో ఇద్దరు సుప్రసిద్ధులు. మొదటి ఉమరు గారి దండయాత్రలను మన విద్యార్థులు చరిత్ర తరగతిలో చదివియే యుందురు. మేమిచ్చట వ్రాయబూనినది వారి మునిమనుమడగు రెండవ ఉమరును గూర్చి. ఈయన రాజ్యమేలినది 717వ సంవత్సరము మొదలు 720 వరకు, అనగా రెండేండ్ల యైదు మాసములు మాత్రమే. గొప్ప యుద్ధములను గెలిచినవాడు కాడు. అయినను ఆయన వంశమును గద్దెనుండి త్రోసివేసిన శత్రువులు సయితము ఆయనను గౌరవించిరి. అందులకు గల కారణమును తెలుపుటయే మా యుద్దేశము.

ఇస్లాము మతమున న్యాయము ఇష్టముండిన జేసి, లేకున్న మానదగినది కాదు, అది విధి. సాక్ష్యము తనకుగాని, తలిదండ్రులకుగాని, బంధువులకుగాని హాని చేయునదైనను సత్యమునే పలుకవలెనని ఖురాను నాలుగవ యధ్యాయము శాసించుచున్నది. ఒక జాతిపై గల ద్వేషముచేతనైనను న్యాయము తప్పరాదని యైదవ యధ్యాయము చెప్పుచున్నది. చదువుటకిది సులభమే. సైన్యమును ధనాగారమును చేతిలో నున్నవానికి దీనిని పాటించుట యెట్టిదో ఉమరు చరిత్రము చూపగలదు.

ఆయన సుమారు 682వ సంవత్సరమున జన్మించెను. తండ్రి ఐగుప్తు దేశమునకు అధిపతి; తల్లి మొదటి ఉమరు గారి మనుమరాలు. ఈ తల్లివైపు వంశమును గూర్చి యొక కథ కలదు. మొదటి ఉమరు ఒకరాత్రి మదీనా వీధులలో తిరుగుచుండగా, ఒక యింట తల్లి తన కూతురిని పాలలో నీళ్లు కలుపుమనుట వినెనట. ఖలీఫా దానిని నిషేధించెనని కూతురు తెలుపగా, ఇప్పుడాయన చూడవచ్చునా యని తల్లి యడిగెను. ఆయన చూడకున్నను దేవుడు చూచుచున్నాడని యా బాలిక నీళ్లు కలుపలేదు. మరునాడు ఖలీఫా యామెను వెదకించి తన కుమారునకిచ్చి వివాహము చేసెనట. ఆ దంపతుల కూతురే మన ఉమరునకు తల్లి.

ఉమరు మదీనాలో పెద్దల యొద్ద విద్య నభ్యసించి, ఖలీఫా కుమార్తెయగు ఫాతిమాను వివాహమాడెను. 706లో మదీనాకు అధిపతియై, ధర్మశాస్త్రపండితులు పదిమందిని సభగా జేర్చి వారి యాలోచన ననుసరించి నడచెను. కాని యా దినములలో ఆయన విలాసప్రియుడు. విలువగల వస్త్రములును పరిమళద్రవ్యములును ఆయనకు మిక్కిలి యిష్టము. మరియొక సంగతిని మరుగుపరచుట మాకు యుక్తముగ దోచలేదు. ఖలీఫా వలీదు ఆజ్ఞపై ఉమరు ఖుబైబు అను నొక పెద్దమనుష్యుని కొరడాలతో గొట్టించి, చలికాలమున చన్నీళ్లు పోయించెను. ఆ దెబ్బలకు ఖుబైబు మరణించెను. పైవాని యాజ్ఞ యని సమాధానపడుట ఉమరునకు సాధ్యము కాలేదు. ఆ పశ్చాత్తాపము జీవితాంతము ఆయనను బాధించెనని చరిత్రకారులు వ్రాసిరి. తరువాతి ఉమరును గ్రహించుటకు ఈ సంగతి తెలిసియుండవలెనని మా యభిప్రాయము.

717లో ఖలీఫా సులైమాను దాబిక్ అను చోట మరణించుచు, తన కుమారులను సోదరులను కాదని, పినతండ్రి కుమారుడగు ఉమరును వారసునిగా వ్రాసిపోయెను. రాజలాయమునుండి గుర్రములను దెచ్చి నిలుపగా ఉమరు వానిని త్రిప్పిపంపి తన కంచరగాడిదనే యెక్కెను. పిమ్మట సంస్కరణమును తన యింటనే ప్రారంభించెను. తనకు సంక్రమించిన భూములలో న్యాయముగ వచ్చినవి కావని తోచినవానిని విడిచిపెట్టెను. ఫాతిమాకు తండ్రి యిచ్చిన నగలను ఖజానాకు జేర్చుటయో, తనను విడుచుటయో కోరుకొమ్మనగా, ఆమె నగలనే విడిచెను. బంధువులు కినిసిరి, అయినను వారి యక్రమార్జితములను గూడ విడువక రాబట్టెను. అలీ గారిని మసీదు వేదికలపై శపించు దురాచారమును మాన్పించెను.

ఇంటివారి సంగతి యటుండగా, సైన్యము పై వచ్చిన ఫిర్యాదు మరింత క్లిష్టమైనది. నేటి ఉజ్బెకిస్తానమునందలి సమర్ఖండు నగరమును 712లో ఖుతైబా అను సేనాని పట్టుకొనెను. అతడు మోసముచేత తమ నగరము ప్రవేశించి యందు ముస్లిములను నిలిపెనని పురజనులు ఉమరునకు మొరపెట్టుకొనిరి. వారు ముస్లిములు కారు, ఓడినవారు. అయినను ఉమరు, ఒక ఖాజీని నియమించి విచారణ జరిపింపుమని యధికారికి వ్రాసెను. ఖాజీ యిరువురి వాదములను విని, అరబ్బు సైన్యము నగరము వెడలి తన శిబిరమునకు బోవలెననియు, పిమ్మట సమానముగ నిలిచి యుద్ధమో క్రొత్త సంధియో చేసికొనవలెననియు తీర్పు చెప్పెను. గెలిచిన సైన్యమును గెలిచిన ప్రభుత్వపు ఖాజీయే వెడలుమనుట లోకమున నెన్ని తావుల జరిగియుండును? పురజనులు మరల యుద్ధమునకు వెరచి, కలిసియే యుందుమని యొప్పుకొనిరి.

దమస్కు క్రైస్తవుల దావా యింతకంటె చిక్కైనది. బాప్తిస్మమిచ్చు యోహాను పేరిటి వారి దేవాలయమును వలీదు ఖలీఫా తీసికొని, దాని స్థలమును పెద్ద మసీదులో గలిపివేసెను. వారు వచ్చి మొరపెట్టుకొనగా, ఆ స్థలమును వారికి మరల నిమ్మని ఉమరు ఉత్తరువిచ్చెను. నగరమందలి ముస్లిములు తాము ప్రార్థించిన చోటును పడగొట్టుటయా యని వ్యాకులపడిరి. తుదకు నగరము చుట్టునున్న తోటప్రాంతమున ముస్లిముల వశమైయున్న దేవాలయములను క్రైస్తవులకు విడుచునట్లును, వారు యోహాను దేవాలయముపై హక్కు వదలుకొనునట్లును ఉభయులు సమ్మతించిరి. ఉమరు దానిని స్థిరపరచెను. నజ్రాను క్రైస్తవుల సంఖ్య చాల తగ్గియు పన్ను పాతదే యుండుట చూచి, సాలుకు 2,000 వస్త్రములకు బదులు 200 మాత్రమే పుచ్చుకొనెను. ఖురాసానులో ఇస్లాము స్వీకరించినవారి యొద్ద గూడ తలపన్ను వసూలు చేయుచుండగా మాన్పించెను. ఖజానాకు నష్టమన్నవారి మాట చెవినిబెట్టలేదు.

అయితే పరమతస్థుల దుస్తులను వాహనములను గూర్చి నిర్బంధములు విధించినట్లును ఈయన పేర చెప్పబడుచున్నది. మెచ్చుకొనుచు వ్రాయునప్పుడు దీనిని విడిచిన మేమును పక్షపాతులమగుదుము.

720వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, నలువది యేండ్లైన నిండకమునుపే, ఉత్తర సిరియాలోని దైర్ సమాను అనుచోట ఉమరు మరణించెను. అది యొక క్రైస్తవ మఠమున్న తావు. తన సమాధికి వలయు భూమిని ఆ మఠమువారికి వెలయిచ్చి కొనెనని చెప్పుదురు. తరువాత రాజైన యామె సోదరుడు నగలను మరల నిచ్చెదననగా ఫాతిమా పుచ్చుకొనలేదట.

750లో అబ్బాసీయులు రాజ్యము గైకొని ఉమయ్యదు ఖలీఫాల సమాధులను త్రవ్వించినపుడు, ఈ యొక్క సమాధిని మాత్రము ముట్టలేదని చెప్పబడుచున్నది. అది పండ్రెండువందల యేండ్లకు పైగా నిలిచి, 2020లో సిరియా యంతర్యుద్ధమునందు త్రవ్వబడి ధ్వంసమయ్యెను.