రక్తహీనతపై పోరాడిన తెలుగువాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కనురెప్ప తిరగదీస్తే తెల్లగా పాలిపోయి, ఊపిరందక రొప్పుతున్న బిడ్డను ఒడిలో పెట్టుకొని మన అలంపూరు ప్రాంతపు తల్లులు తుంగభద్ర దాటి కర్నూలు పెద్దాసుపత్రికి పోవడం మనం ఎరిగినదే. హిమోగ్లోబిన్ 4 గ్రాములకు దిగిన బిడ్డకు మందులిచ్చి వేచి ఉండడానికి వ్యవధి ఉండదు. ఎవరో దానం చేసిన రక్తం ఎక్కిస్తేనే ఆ ప్రాణం నిలుస్తుంది. అయితే ఎక్కించిన రక్తం కొన్ని వారాల అండ మాత్రమే. పిమ్మట బిడ్డ ఎముకలలోని మూలుగే కొత్త రక్తాన్ని తయారుచేసుకోవాలి. అందుకు కావలసిన పదార్థాలలో ఒకదానిని లోకానికి అందించిన శాస్త్రజ్ఞుల బృందానికి నాయకుడు మన తెలుగువాడే. ఆయన జీవితాన్ని ఈ సంచికలో స్మరించుకొందాం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బీదరికం వల్ల చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరిన పిమ్మట ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. 1921లో కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులను స్ప్రూ అనే ప్రేగుల వ్యాధి బలిగొన్నది. తిన్న అన్నంలోని సారం ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి శుష్కించిపోయే వ్యాధి అది. ఆయన కూడా దాని వాతపడి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు.

మామగారి సాయంతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతో ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేస్తూ పొట్టపోసుకొన్నారు. స్వదేశంలో పుట్టిన కుమారుడు తండ్రి ముఖం చూడకుండానే కన్నుమూశాడు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయన ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో వెల్లడించిన తొలి శాస్త్రజ్ఞులలో ఆయన ఒకరు. ఇంత చేసినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు.

ఆనాటికే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో రక్తహీనులైన గర్భిణీ స్త్రీలకు ఈస్టు సారమిచ్చి, వారి రక్తం వృద్ధి కావడాన్ని 1931లో వెల్లడించింది. అందులోని గుణకారి ఏమిటో తెలియలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూర నుండి కొద్దిపాటి పదార్థం తీసి, ఆకును సూచించే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు ఉడికించి రోగులకు మందు సరఫరా చేయడం అయ్యే పని కాదు. సుబ్బారావు బృందం దాని నిర్మాణాన్ని ఛేదించి, 1945-46 సంవత్సరాలలో ప్రయోగశాలలోనే తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు ఆ మందే చికిత్స అయింది.

కథ అంతటితో ముగియలేదు. రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు రక్తం ఎక్కించడం మినహా నాటి వైద్యులు చేయగలిగింది స్వల్పం. ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలిస్తే ఆ వ్యాధి మరింత ఉధృతమైనట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే మందుతో వ్యాధిని అణచవచ్చునన్న ఆలోచనకు సుబ్బారావు బృందం తయారుచేసిన ఎమినోప్టెరిన్ ఆయుధమైంది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించిందని ప్రకటించారు. ఆ గుణం తాత్కాలికమే అయినా, నేటి క్యాన్సర్ మందుల చికిత్సకు అది నాంది.

అదే 1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు నిద్రలోనే తుదిశ్వాస విడిచారు. మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 70 మంది రక్తహీనులు. మన పిల్లలలో ఇనుము లోపమే విస్తారం గనుక బడిలో వారానికొకసారి ఇచ్చే నీలి మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. కడుపులో తిప్పుతుందని దానిని కిటికీలోనుండి పారవేసే విద్యార్థులను మేము చూశాము. అన్నం తిన్న తరువాత వేసుకొంటే ఆ బాధ తగ్గుతుంది. పదునెనిమిదేళ్ళు నిండిన ఆరోగ్యవంతులు రక్తదానం చేసి నేటి బిడ్డను కాపాడవచ్చు. రేపటి బిడ్డకు రక్తం ఎక్కించే అగత్యమే రాకుండా చూడడం ఆ చిన్న మాత్ర చేయగల పని. దానిని పారవేసేముందు సుబ్బారావుగారి ఇద్దరు సోదరులను ఒక్కసారి తలచుకొందాం.