బోదకాలు మందు వెనక కొలత మనిషి

పుదుచ్చేరిలో బోదకాలు సర్వేలకు రాత్రిపూట వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తాన్ని సన్నటి గాజు పిపెట్‌తో తీసేవారు. అందులో పురుగు పిల్లలు కనిపిస్తే ఇచ్చే డీఈసీ మాత్ర యల్లాప్రగడ సుబ్బారావు బృందం చలవే.

1895లో భీమవరంలో పుట్టిన ఆయనకు పేరు తెచ్చిందీ కొలతే. రక్తంలో ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనంతో లెక్కించే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించారు. వినడానికి తేలికే. కానీ ఫ్లాస్కు మెడ మీది గీత దాటి నీళ్లు పడితే రంగు పలచబడి లెక్క తప్పుతుంది. ద్రవం వంపు అడుగుభాగం గీతను తాకిందో లేదో కంటిని అదే ఎత్తులో పెట్టి చూడాలి. ఆ పద్ధతే వారిని ఫాస్ఫోక్రియాటిన్‌కు, ఏటీపీకి చేర్చింది.

హార్వర్డ్ మాత్రం సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోయారు. డీఈసీ 1947లో వెలువడింది. మరుసటి ఏడాదే, 53 ఏళ్లకు, ఆయన కన్నుమూశారు.