చచ్చి లేచొచ్చిన పాటగాడు

చనిపోయినవాడు లేచి వస్తాడనే పాటలు మనం చర్చిల్లో వింటాం. కార్మిక సంఘాల సభల్లో కూడా అలాంటి పాట ఒకటుంది. అందులో లేచొచ్చేవాడు దేవుడూ కాదు, ప్రవక్తా కాదు, ఊరూరా తిరిగి కూలి చేసుకున్న జో హిల్. తమాషా ఏమిటంటే, పోయాక స్వర్గం దొరుకుతుందనే పాటల్ని బతికినన్నాళ్లూ వెక్కిరించింది ఇతగాడే!

అసలు పేరు జోయెల్ హెగ్‌లుండ్. 1879లో స్వీడన్‌లోని యేవ్లే పట్టణంలో జన్మించాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. ఆయన గతించేనాటికి కుర్రవాడికి ఎనిమిదేళ్లు. చదువు అటకెక్కి, తాళ్ల ఫ్యాక్టరీలో పని మొదలైంది. 1902లో తల్లి కూడా పోయాక సోదరుడితో కలిసి అమెరికా ఓడెక్కాడు. 1910 ప్రాంతంలో ఐ.డబ్ల్యు.డబ్ల్యు. అనే సంఘంలో చేరాడు. నలుపూ తెలుపూ, ఆడా మగా, వలస కూలీ అనే తేడా లేకుండా అందర్నీ ఒకే యూనియన్‌లోకి రమ్మన్న సంఘమది.

వీధి మూలల్లో ఆ సంఘం వాళ్లు ఉపన్యసిస్తుంటే పక్కన సాల్వేషన్ ఆర్మీ బ్యాండు మేళం వాళ్ల గొంతు మింగేసేది. సరే, బాణీ మీది, మాటలు మావి అన్నారు వీళ్లు. జో హిల్ 1911లో ఓ ప్రసిద్ధ భక్తిగీతం వరసలోనే ఆకలివాడికి ఆకాశంలో విందు చూపించే బోధకుడి మీద పాట కట్టాడు. కరపత్రం ఒకసారి చదివి పారేస్తారు, పాటైతే కంఠస్థమై నోట నిలుస్తుందని అతని లెక్క. లెక్క తప్పలేదు.

1914 జనవరి 10 రాత్రి సాల్ట్ లేక్ సిటీలో ముసుగు మనుషులు ఒక కిరాణా కొట్టు యజమానినీ, అతని కొడుకునీ కాల్చి చంపారు. అదే రాత్రి జో హిల్ ఛాతీలో తూటా గాయంతో డాక్టరు దగ్గరికొచ్చాడు. ఒక స్త్రీ విషయంలో తగాదా అన్నాడు. పేరు మాత్రం చెప్పనన్నాడు. తుపాకీ దొరకలేదు, చంపడానికి కారణమూ తేలలేదు. అయినా జ్యూరీ దోషి అన్నది. అధ్యక్షుడు విల్సన్ అడ్డుపడినా యూటా గవర్నరు వినలేదు. 1915 నవంబరు 19న జైల్లో కాల్చి చంపారు. నోరు విప్పితే బతికేవాడేమో! గాయం ప్రేమ తగాదాలోనిదేనని చెప్పే 1949 నాటి ఉత్తరం ఒకటి 2011లో వచ్చిన జీవితచరిత్రలో వెలుగు చూసింది.

తర్వాత ఆల్ఫ్రెడ్ హేస్ గేయం రాస్తే, 1936లో ఎర్ల్ రాబిన్సన్ బాణీ కట్టాడు. కలలో జో హిల్ ఎదురుగా నిలబడి తాను చావలేదంటాడు. సమ్మె ఎక్కడుంటే అక్కడ తానుంటానంటాడు. పాల్ రోబ్సన్ గంభీరంగా పాడాడు. 1969లో వుడ్‌స్టాక్‌లో లక్షల యువజనం ముందు జోన్ బయెజ్ పాడింది. పాట నేరాన్ని రాగి గనుల దొరల మీద నేరుగా మోపుతుంది. చరిత్ర అంత సూటిగా చెప్పలేదు. కాని ఆ విచారణ సవ్యంగా జరిగిందని ఎవరైనా అంటే మాత్రం నేనొప్పుకోను.

యూటాలో మాత్రం తనను పూడ్చవద్దని అతను కోరాడు. అందుకే షికాగోకి తెచ్చి దహనం చేశారు. చితాభస్మాన్ని చిన్న చిన్న కవర్లలో పోసి దేశదేశాల శాఖలకు పంపారు. అందులో ఒక కవరును 1917లో అమెరికా తపాలా శాఖ పట్టుకుంది. అది ప్రభుత్వ దస్తావేజుల్లో పడి ఉండి, చివరికి 1988లో సంఘం చేతికి తిరిగొచ్చింది.