తిక్కన సోమయాజి దైవభక్తి

క్రీ. శ. 13వ శతాబ్దమున ఆంధ్రదేశమునందు శైవవైష్ణవ వైరము ప్రబలియుండెను. పరదైవదూషణమే భక్తికి గుఱుతని యెంచిన మతాచార్యులు పెక్కండ్రుండిరి. ఆ కాలమున పెన్నాతీరమందలి నెల్లూరిలో మనుమసిద్ధి మహారాజునకు మంత్రియైన తిక్కన యే పక్షమునను జేరక, హరియు హరుడును ఒక్కటియే యని నమ్మి హరిహరనాథుని గొలిచెను.

నిర్వచనోత్తర రామాయణమును రాజునకంకితమిచ్చిన యాతడే, విరాటపర్వము మొదలు 15 పర్వముల భారతమును ఏ ప్రభువునకును ఏ మఠాధిపతికిని గాక యా దేవునికే సమర్పించెను. స్వప్నమున తండ్రి కొమ్మనామాత్యుడును, పిమ్మట స్వామియు సాక్షాత్కరించిరని యవతారికలో దానే చెప్పికొనెను. ఆ భక్తునికిని భగవంతునికిని నడుమ గురుపీఠము లేదు.

ఆయన వైదికాచారమును విడువలేదు. యజ్ఞము చేసి సోమయాజి యయ్యెను. నూతనమతమును స్థాపింపలేదు, మఠమును గట్టలేదు. అయినను తరువాతి కాలమున నాచన సోమన తన యుత్తరహరివంశమును ఆ హరిహరనాథునికే యంకితమొనర్చెను. పీఠము లేకయే యాతని విశ్వాసము నిలిచినది.

సోదరులారా! పూర్వగురువులను విడిచి క్రొత్తగురువులను గల్పించుకొనుట సంస్కారము గాదు. సమాజములును అధ్యక్షులును మనకు దోడుగా నుండవచ్చును. దేవునికిని మనకును నడుమ మాత్రము నిలువరాదు.