భూగర్భశాస్త్రాచార్యులు శ్రీ మహదేవన్ గారు

భావనపాడు మొదలు బారువ వరకు గల సముద్రతీరమున నడచినవారందరు చూచిన దృశ్యమొకటి కలదు. తుపాను వెలసిన మరునాడు గాని, పెద్ద కెరటములు కొట్టి తగ్గిన పిమ్మట గాని, తెల్లని ఇసుకపై నల్లని చారలును, అచ్చటచ్చట ఎర్రని చారలును పరచుకొని యుండును. పిల్లలు అయస్కాంతపు ముక్కను ఆ ఇసుకలో దొర్లించినచో నల్లని రేణువులు దానికి మీసములవలె అంటుకొనును. ఇటు టెక్కలి ప్రాంతపు కొండలలో తీసిన రాయి నునుపు పట్టబడి దూరదేశముల మేడలకు పోవుచున్నది. ఆ కొండకును ఈ ఇసుకకును గల చుట్టరికమేమి? నల్లని రేణువులు ఎక్కడినుండి వచ్చినవి? వాని విలువ యెంత? ఇట్టి ప్రశ్నలను తెలుగుదేశపు యువకులచేత అడిగించి, వారిచేతనే సమాధానములు వెదకించిన ఆచార్యులు శ్రీ కలమూర్ మహదేవన్ గారు.

మహదేవన్ గారు 1901వ సంవత్సరము మే నెల 6వ తేదీన జన్మించిరి. వారు పుట్టుకచే తమిళులు. వారు పుట్టిన కాలమున మన దేశమున భూగర్భశాస్త్రమనగా కలకత్తాలోని ప్రభుత్వ సర్వే శాఖయే. 1851లో స్థాపింపబడిన ఆ శాఖలో పెద్ద ఉద్యోగములు చాలవరకు ఆంగ్లేయులవి. తూర్పుకనుమల రాళ్ళకు పేర్లు పెట్టినవారును వారే. కలకత్తా నగరమున జాబ్ చార్నక్ అను వర్తకుని సమాధిపైనున్న రాతిని బట్టి 1893లో హాలండ్ అను పండితుడు ఒక జాతి రాతికి చార్నొకైట్ అని పేరిడెను. కొండలలో నివసించు ఖోండు ప్రజల పేరిట 1902లో వాకర్ అను మరియొక పండితుడు వేరొక రాతికి ఖొండలైట్ అని పేరిడెను. గరివిడి, కోడూరు ప్రాంతములలో మాంగనీసు త్రవ్వకము 1890ల ఆరంభముననే మొదలయ్యెను. రాతికి పేరు పెట్టుట పరులది; సరకు ఓడకెక్కి పోవుట పరదేశమునకు; తట్టలెత్తుట మాత్రము ఇచ్చటి కూలీలది. ఈ స్థితి మారవలెనన్నచో రాతిని చదువగల వారు ఈ గడ్డపైననే తయారు కావలసియుండెను. మహదేవన్ గారి జీవితపు ఉత్తరభాగమంతయు ఆ పనికే వినియోగమయ్యెను.

అయితే వారి పరిశోధన కొండలలో గాక, కలకత్తా నగరమున ఒక ప్రయోగశాలలో ఆరంభమయ్యెను. బౌబజారు వీధిలోని భారత విజ్ఞాన సంవర్ధక సంస్థలో సర్ చంద్రశేఖర వేంకట రామన్ గారి చుట్టును దక్షిణదేశపు యువకులు పలువురు చేరి పనిచేయుచున్న కాలమది. 1928లో ఆచ్చటనే రామన్ ఫలితము వెలువడి, 1930లో నోబెల్ బహుమతిని దేశమునకు తెచ్చెను. ఆ శిష్యులలో మహదేవన్ గారొకరు. తోడివారు వెలుతురును ద్రవములలోనికి పంపి చూచుచుండగా, వీరు భౌతికశాస్త్రపు పరికరములతో రాళ్ళను పరీక్షింపబూనిరి.

1927లో వారు ప్రకటించిన వ్యాసమొకటి కార్డిరైట్ అను ఖనిజమునందలి రంగు వలయములను గూర్చినది. ఈ ఖనిజమును కాగితమువలె పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూచినచో, నడుమ చిన్న రేణువు, దాని చుట్టు రంగు గల వలయము కనబడును. ఆ నడిమి రేణువులో యురేనియము గాని థోరియము గాని యుండును. అది క్షణక్షణము కంటికి కనబడని కణములను వెదజల్లుచుండును. ఆ కణములు కోట్లకొలది సంవత్సరములు చుట్టునున్న ఖనిజమును తాకి తాకి దానిపై రంగు మచ్చ వేయును. వలయపు కొలతను బట్టి నడుమ నున్న పదార్థమేదో చెప్పవచ్చును. గోడకు ఆనించిన దీపము మసిమచ్చను మిగిల్చినట్లు, రేణువు తన చరిత్రను తన చుట్టును వ్రాసికొనును. రాయి నోరులేనిది గాని, చదువ నేర్చినవారికి అది గ్రంథమే యని గుర్తించుటకు ఇంతకంటె నిదర్శనము వేరు వలదు. ఆ కాలముననే వారు ఎక్స్-కిరణములతో నేలబొగ్గు నిర్మాణమును సైతము పరిశీలించిరి.

పిమ్మట వారు హైదరాబాదు సంస్థానపు భూగర్భ సర్వే శాఖలో చేరిరి. నగరపు ప్రయోగశాలను విడిచి, ఎండలో కాలినడకన తిరుగవలసిన ఉద్యోగమది. సర్వే చేయు భూగర్భశాస్త్రజ్ఞుడు చేతిలో సుత్తి, భుజమున సంచి, పటము, దిక్సూచి ధరించి గుట్ట వెంట గుట్ట, వాగు వెంట వాగు తిరుగవలెను. రాయి పైకి తేలిన ప్రతిచోటను పగులగొట్టి, లోని రంగును, పొరలు వాలిన దిక్కును చూచి పటముపై గుర్తింపవలెను. ఒక తాలూకా పటము పూర్తియగుటకు పలు వేసవులు పట్టును. గుల్బర్గా జిల్లాలోని సురాపురము తాలూకా దక్షిణ, నైరృతి భాగములను గూర్చి మహదేవన్ గారు వ్రాసిన నివేదిక 1941లో ప్రకటింపబడెను. ఆ తాలూకా నేడు కర్ణాటక రాష్ట్రమున నున్నది. పరికరము చూపు సూక్ష్మమును, పాదము చూపు విస్తారమును, రెండును ఎరిగిన శాస్త్రజ్ఞుడుగా వారు ఈ ఉద్యోగమున పరిపక్వులైరి.

1945 ప్రాంతమున వారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్ర శాఖకు ఆచార్యులును అధ్యక్షులునై వచ్చిరి. ఆ శాఖ ఏర్పడి అప్పటికి ఎంతో కాలము కాలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేయగా, విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలి, యుద్ధానంతరము తిరిగి వాల్తేరుకు చేరెను. అట్టి ఒడుదొడుకుల నడుమ నిలదొక్కుకొనుచున్న శాఖ పెద్ద పరిశోధనాలయమగుట యెట్లు? మహదేవన్ గారు దీనికి చూపిన మార్గము సులభమైనది, సూటియైనది. వాల్తేరు చుట్టును ఖొండలైట్ కొండలున్నవి, చార్నొకైట్ కొండలున్నవి, మాంగనీసు గనులున్నవి, ఎదుట సముద్రమున్నది. దూరదేశపు నమూనాలకై ఎదురుచూచుటకు మారుగా, గుమ్మము ముందరి కొండను, గుమ్మము ముందరి ఇసుకను పాఠ్యగ్రంథముగా చేసికొనిరి.

1948లో శ్రీరామదాసు గారితో కలిసి వారు విశాఖపట్టణము జిల్లా తీరపు ఇసుకలలోని మోనజైట్ అను ఖనిజమును గూర్చి వ్యాసము ప్రకటించిరి. శ్రీకాకుళము జిల్లా వేరుపడుట 1950లో జరిగెను గనుక, ఆనాటికి టెక్కలి ప్రాంతమును విశాఖపట్టణము జిల్లాలోనిదే. మోనజైటులో థోరియము ఉండుటచేత స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే దేశమునకు దానిపై దృష్టి కలిగెను. అణుశక్తి సంఘము ఏర్పడినదియు ఆ 1948లోనే.

తీరపు ఇసుక కథ ఇట్లుండును. ఖొండలైట్ రాతిలో ఎర్రని గార్నెట్, సూదులవంటి సిల్లిమనైట్ రేణువులుండును. కొండలలోని ఇతర రాళ్ళలో ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ మొదలగునవి చెదురుమదురుగా నుండును. ఎండకు, వానకు రాయి మెత్తబడి పొడియగును. నాగావళి, వంశధార, మహేంద్రతనయ వంటి నదులు ఆ పొడిని సముద్రమునకు చేర్చును. అచ్చట కెరటము చేటవలె చెరుగును. చేటతో బియ్యము చెరిగినప్పుడు తేలికైన ఊక ఎగిరిపోయి, బరువైన గింజ మిగులునట్లు, వెనుదిరుగు నీరు తేలికైన తెల్ల ఇసుకను లాగుకొనిపోవును. బరువైన రేణువులు ఒడ్డున నిలిచిపోవును. తెల్ల ఇసుక నీటికి సుమారు రెండున్నర రెట్లు బరువు. గార్నెట్ నాలుగు రెట్లు. ఇల్మనైట్ నాలుగున్నర రెట్లకు మించును. మోనజైట్ సుమారు అయిదు రెట్లు. కనుకనే పెద్ద తుపాను పిమ్మట నల్లచార చిక్కనగును. ఆ నలుపు ఇల్మనైటుది, ఆ యెరుపు గార్నెటుది.

మహదేవన్ గారి బోధనమున పుస్తకపు పాఠమునకును, కొండపై నడకకును, ప్రయోగశాలలోని కొలతకును ఎడబాటు లేకుండెను. శ్రీరామదాసు గారు గార్నెట్ ఖనిజములను శ్రద్ధగా కొలిచి, వాని భౌతిక లక్షణముల నుండి రసాయన కూర్పును తెలిసికొను పటములను 1957లో అమెరికా దేశపు ఖనిజశాస్త్ర పత్రికలో ప్రకటించిరి. మరియొక శిష్యులు ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ గారు రాళ్ళలోని రేడియోధార్మికతను పరిశోధించి, తదుపరి ఆఫ్రికాలో టాంజానియా, మొజాంబిక్ దేశముల విశ్వవిద్యాలయములలో బోధించిరి. ఒకప్పుడు కలకత్తాలో రంగు వలయములను కొలిచిన గురువు విద్య, వాల్తేరు మీదుగా ఆఫ్రికా తీరమునకు చేరెను.

ఒడ్డున ఆగక ఆ పరిశోధన సముద్రములోనికిని సాగెను. 1952 ప్రాంతమున అమెరికా సముద్రశాస్త్రజ్ఞులు యూజీన్ లాఫాండ్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిరి. భారత నౌకాదళపు ఓడల సాయముతో ఆచార్యులును విద్యార్థులును బంగాళాఖాతమున తిరిగి, నీటి ఉష్ణోగ్రతను, ప్రవాహములను, అడుగున పేరిన మట్టిని పరిశీలించిరి. తూర్పుతీరపు సముద్రగర్భమున పేరిన మట్టిని గూర్చి మహదేవన్ గారును పూర్ణచంద్రరావు గారును వ్రాసిన వ్యాసము 1954లో విశ్వవిద్యాలయపు సముద్రశాస్త్ర సంపుటమున వెలువడెను. గోదావరి ముఖమునకు ఉత్తరమున ఇసుకతిన్నె నాలుకవలె పెరుగుటకు గల కారణములను వారు ప్రసాదరావు గారితో కలిసి విచారించి 1958లో ప్రకటించిరి. నైరృతి ఋతుపవన కాలమున కెరటములు ఏటవాలుగా ఒడ్డును తాకి, నది తెచ్చిన ఇసుకను ఉత్తరముగా నెట్టుకొనిపోవును. ఆ తిన్నె కాకినాడ ఓడరేవునకు అడ్డుగోడవంటిది గనుక, ఈ విచారణ పండితులకే గాక నావికులకును పనికివచ్చునది.

జాతీయ విజ్ఞాన సంస్థయు, భారత విజ్ఞాన అకాడమీయు వారికి తమ సభ్యత్వమిచ్చి గౌరవించినవి. 1961లో వారి జన్మదినోత్సవ స్మారకముగా దేశమునందలి భూగర్భశాస్త్రజ్ఞుల వ్యాసములతో మహదేవన్ సంపుటము ప్రచురింపబడెను. తరువాత ఏడాదియైనను గడువకముందే వారి ఆయువు తీరెను. 1962 ఏప్రిల్ 6వ తేదీన వారు పరమపదించిరి. ఇంకొక నెల గడచినచో అరువదియొకటి నిండెడివి. నౌకలు బంగాళాఖాతమును లోతుగా కొలిచిన తదుపరి, తూర్పుతీరపు ఖండపు అంచు వాలులో కనబడిన మూడు మహాలోయలను లాఫాండ్ గారు 1964లో వర్ణించిరి. కొండలలో ఏరు కోసిన లోయలవంటి లోయలే అవి. నీటి అడుగున నుండును గనుక కంటికి కనబడవు. వానిలో ఒకదానికి ఆంధ్ర లోయ యనియు, ఒకదానికి విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులు వి. ఎస్. కృష్ణ గారి పేరిట కృష్ణ లోయ యనియు, ఒకదానికి మహదేవన్ లోయ యనియు పేర్లు నిలిచినవి. ఒకప్పుడు ఈ ప్రాంతపు రాళ్ళకు పరదేశీయులు పేర్లిడిరి. ఇప్పుడు ఈ తీరపు సముద్రగర్భమున వాల్తేరు ఆచార్యుని పేరు నిలిచెను. ఆ మార్పునకు వారే కారకులలో ఒకరు.

వారి పరిశోధనకు సంబంధించిన విషయము నేటికిని ముగిసినది కాదు. ఉద్దానమునకు ఉత్తరమున, ఒడిశాలోని ఛత్రపురమున, 1980లలో తీరపు ఇసుక నుండి ఖనిజములను వేరుచేయు ప్రభుత్వపు కర్మాగారము వెలసెను. మోనజైటు అణుశక్తి చట్టమునకు లోబడిన ఖనిజము. శ్రీకాకుళపు తీరమునందును ఈ ఇసుక నిక్షేపములున్నవి. ఇసుకలో ధనమున్నది, ఆ ఇసుక మీదనే కొబ్బరితోట, జీడితోట, బెస్తవాని గుడిసె, తుపాను కెరటమునకు అడ్డునిలుచు దిబ్బయు ఉన్నవి. దేనిని తీయవచ్చును, దేనిని ఉంచవలెను, తీసిన ఫలమెవరిది యను విచారణ వచ్చినప్పుడు, తన కాలిక్రింది నేల సంగతి ఎరిగిన గ్రామము మాటకు విలువ యుండును. ఎరుగని గ్రామము తరఫున ఇతరులే మాటలాడుదురు.

మహదేవన్ గారి జీవితమునుండి నిమ్మాడ వంటి గ్రామపు యువకులు గ్రహింపదగినది ఇదియే. విజ్ఞానము మహానగరములలోనే పుట్టవలెనను నియమము లేదు. టెక్కలి కొండపై ఒక రాతిముక్క, భావనపాడు ఒడ్డున ఒక గుప్పెడు ఇసుక, ఒక అయస్కాంతము, ఓపికగల చూపు, గ్రంథాలయమునుండి తెచ్చికొన్న ఒక పుస్తకము ఉన్నచో ప్రథమపాఠము ఆరంభమైనట్లే. ఆ పాఠమును ఈ తీరమున మొదట చెప్పినవారిలో అగ్రగణ్యులైన ఆ ఆచార్యుని తలచుకొనుట రజతోత్సవ వేళ గ్రంథాలయమునకు ఉచితమైన కృతజ్ఞత.