మాలీ నగరములో ఇబ్న్ బతూతా

భారతదేశ చరిత్ర చదివిన విద్యార్థులకు ఇబ్న్ బతూతా పేరు క్రొత్తది కాదు. మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలమునాటి ఢిల్లీని గూర్చి మనము చదువుకొను విశేషములలో పెక్కు ఆయన గ్రంథము నుండి గ్రహింపబడినవే. అయితే ఆయన చివరి మహాయాత్ర పడమటి ఆఫ్రికాకు సాగినదని ఎరిగినవారు తక్కువ. ఆ యాత్రను గూర్చి, అందు వెల్లడియైన ఆయన స్వభావమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా ఉద్దేశము.

ఇబ్న్ బతూతా 1304 ఫిబ్రవరి 25న మొరాకోలోని టాంజియర్ పట్టణమున న్యాయపండితుల వంశములో జన్మించినాడు. 1325లో, ఇరువది యొక్క ఏండ్ల ప్రాయమున, తోడెవ్వరును లేక ఒంటరిగా హజ్ యాత్రకు వెడలినాడు. మక్కాతో ఆ యాత్ర ముగియలేదు. 1333లో సింధునది దాటి మన దేశమున ప్రవేశించి, ఢిల్లీలో ఖాజీ పదవి నిర్వహించినాడు. 1349లో స్వదేశము చేరునప్పటికి తల్లిదండ్రు లిరువురును గతించియుండిరి.

అంతటితో ఆయన కాలు నిలువలేదు. 1352 ఫిబ్రవరిలో సిజిల్మాసా నుండి ఒంటెల బిడారుతో సహారా ఎడారిని దాటుటకు బయలుదేరినాడు. దారిలో తగాజా అను ఊరిలో ఉప్పుపలకలతో గోడలు కట్టి, ఒంటె చర్మములతో పైకప్పు వేసిన ఇండ్లను చూచినాడు. వలాతా చేరిన పిమ్మట బిడారుతో పని లేకపోయినది. అచట నుండి మార్గ మెంతయో సురక్షితమగుటచే ముగ్గురు సహచరులతోను, ఒక దారిచూపువానితోను రాజధానికి సాగినాడు. త్రోవలో ఒక మహావృక్షపు తొఱ్ఱలో మగ్గము పెట్టుకొని నేయుచున్న సాలెవానిని చూచి విస్మయపడినాడు.

రాజధానిలో ఆయనకు తొలుత కష్టమే ఎదురైనది. చేరిన పది దినములకు చేమదుంప వంటి దుంపతో వండిన సంకటి తిని ఆరుగురు జబ్బుపడగా, వారిలో ఒకరు మరణించిరి. ఇబ్న్ బతూతా ప్రాతఃకాలపు నమాజు నడుమనే స్పృహ తప్పి పడిపోయి, రెండు మాసములు వ్యాధిపీడితుడైనాడు. కోలుకొన్న తరువాత సుల్తాను సులేమాన్ కానుక పంపుచున్నాడని వినినాడు. 1324లో హజ్ యాత్ర చేయుచు కైరో నగరమున బంగారము వెదజల్లిన మన్సా మూసాకు ఈ సులేమాన్ తమ్ముడు. పట్టువస్త్రములు, ధనము వచ్చునని ఎదురుచూచిన అతిథికి అందినవి మూడు రొట్టెలు, వేపిన గోమాంసపు ముక్క, సొరబుర్రలో పెరుగు! ఆయన నవ్వుకొన్నాడు, సుల్తాను పిసినారి యని వ్రాసినాడు. కొంతకాలమునకు సభలో లేచి, అన్యదేశముల రాజులకు మీ ఆతిథ్యమును గూర్చి ఏమని చెప్పవలెనని అడిగినాడు. అపుడు గాని వసతియు, భృతియు లభింపలేదు.

ఇట్టి అసంతృప్తి గలవాడు ఆ నగరమును నిందించి ఊరకుండుట సహజము. కాని ఆయన కన్నులు తెరచియే యుంచినాడు. శుక్రవారము నాటి దృశ్యము చూడుడు. ఉదయముననే పోనివారికి మసీదులో చోటు దొరకదు. కావున ముందుగా పనిపిల్లవానిచే నమాజు చాప పంపి స్థలము పట్టింతురు. అందరును తెల్లని వస్త్రములే ధరింతురు. చినిగిన అంగీ యొక్కటే గల బీదవాడు సైతము దానిని ఉతుకుకొని వచ్చును. ఒక పండుగనాడు ఖాజీ ఇంటికి పోగా, ఆయన బిడ్డలు సంకెళ్ళతో కనిపించిరి. ఖురాన్ కంఠస్థము చేయువరకు విడువరట! నేటి విద్యార్థులు తమ అదృష్టమునకు సంతోషింపవచ్చును. అన్నిటికంటె ఆయనను ఆకర్షించినది అచటి న్యాయము. దొంగల భయము లేదు. పరదేశి వర్తకుడు మరణించినచో అతని ధనమును ఎవరును ముట్టరు. వారసులు వచ్చువరకు నమ్మకస్థుని వద్ద భద్రపరతురు.

ఆయన దృష్టికి హద్దులును కలవు. స్త్రీలు పరపురుషులతో స్నేహముగా మాటలాడుట ఆయనకు రుచింపలేదు. 1353లో తకద్దా నుండి తిరుగుప్రయాణము చేసిన బిడారులో ఆరు వందల మంది దాసీలు నడచిరని సంఖ్యతో వ్రాసినాడే గాని, వారి కొరకు జాలిమాట యొక్కటియు వ్రాయలేదు. ఆనాటి లోకరీతి అదియే యన్నంత మాత్రమున మనము దీనిని మరచిపోరాదు.

1355లో సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞపై, ఆయన చెప్పగా ఇబ్న్ జుజయ్ అను పండితుడు యాత్రాగ్రంథమును పూర్తిచేసినాడు. పదునాలుగవ శతాబ్దపు మాలీ రాజధానిని స్వయముగా చూచినవాని వృత్తాంతము మనకు దక్కినది ఇదియే. మూడు రొట్టెల అవమానమునే తలచుకొని ఆయన మిగిలినదంతయు విడిచియున్నచో, ఉతికిన అంగీతో మసీదుకు నడచిన ఆ బీదవానిని లోకము ఎరిగియుండెడిది కాదు. తనకు జరిగిన లోటును వ్రాసిన చేతితోనే ఎదుటివారి సుగుణమును వ్రాయుట ఆయన నుండి మనము నేర్వదగిన విద్య.